డొమైన్‌లో చేరని ఎనిమిది కంప్యూటర్లు

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. మోస్తున్నాననడం కూడా గొప్పే. నిజానికి దాని మీద కూర్చుని బతికాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు పట్టేది కాదు.

అప్పుడు హిందూపురం దగ్గర ఒక బట్టల ఫ్యాక్టరీలో కంప్యూటర్ల మంచిచెడ్డలు చూసేవాణ్ని. ఆఫీసు కంప్యూటర్లన్నీ ఒకే సర్వర్ కింద ఉండేవి. ఆ గుంపును డొమైన్ అంటారు. అందులో చేరని కంప్యూటర్లో ఫ్యాక్టరీ ఫైళ్లు తెరుచుకోవు.

కొత్తగా ఎనిమిది కంప్యూటర్లు వచ్చాయి. ఒక్కటీ చేరలేదు. డొమైన్ కనబడలేదని తెర మీద అదే మాట. కేబుళ్లు మార్చాను. కంప్యూటర్ల పేర్లు మార్చాను. గడియారాలు సరిచేశాను. సర్వర్ ఆపి మళ్లీ వేశాను. ఇంటర్నెట్ మాత్రం అన్నిట్లో శుభ్రంగా వస్తోంది, అదే నన్ను పిచ్చివాణ్ని చేసింది. అట్లా రెండు రోజులు. ఓడకెక్కాల్సిన సరుకు కాగితాలు ఆగిపోయాయి. మేనేజరు గంటకోసారి వచ్చి నా వెనక నిలబడేవాడు.

వరలక్ష్మి అనే అమ్మాయి మా ఫ్యాక్టరీ సరుకుల గోదాములో కంప్యూటర్ ఆపరేటరు. పెనుకొండ నుంచి రోజూ పొద్దున రైల్లో వచ్చేది. సేద్యం చేసుకునే ఇంటి నుంచి ఉద్యోగానికి బయటికొచ్చిన మొదటి ఆడపిల్ల. నేను ఏ కంప్యూటర్ విప్పినా పక్కన నిలబడి చూసేది, అది ఎందుకు, ఇది ఎందుకు అని అడిగేది. నాకు విసుగు. విసుగేనా? ఆమె తొందరగా నేర్చుకుంటోందన్న మంట కాదూ?

రెండోరోజు మధ్యాహ్నం ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. దాని మీద రెండు నంబర్లు.

“అన్నా, బాగ పనిచేసే పాత దాంట్లో డీఎన్‌ఎస్ నంబరు ఒకటుండాది. కొత్తవాటిల్లో వేరే ఉండాది. ఒకసారి చూడన్నా.”

చూశాను. ఆమె చెప్పింది నిజమే. ఏ పేరుకైనా దారి ఎటో కంప్యూటర్ అడిగేది ఆ నంబరునే. కొత్తవి మా సర్వర్‌ను అడగాల్సింది పోయి బయటి ఇంటర్నెట్‌ను అడుగుతున్నాయి. మా డొమైన్ సంగతి బయటివాళ్లకేం తెలుసు? పాతవాటిలో ఆ నంబరు ముందే రాసిపెట్టి ఉంది, కొత్తవాటికి దాన్ని ఇచ్చేది రూటర్ అనే పెట్టె. అంతకు ముందువారం ఆ రూటర్ మార్చింది నేనే. అందులో ఆ నంబరు మార్చకుండా వదిలేసింది నేనే. సరిచేశాను. అయిదు నిమిషాల్లో మొదటి కంప్యూటర్ చేరింది. సాయంత్రం టీ వచ్చేలోపు ఎనిమిదీ చేరాయి.

మేనేజరు ఇద్దర్నీ పిలిచాడు. రెండు దినాలు ఎవరివల్ల పోయాయని నన్ను అడిగాడు.

“ఎవురో సెట్టింగులు మార్చినారు సార్. ఈయమ్మే ఆ కంప్యూటర్ల కాడ ఉండింది” అన్నాను.

ఆమెకు ముందు అర్థం కాలేదు. తర్వాత నావైపు తిరిగింది.

“నేను చూపిస్తి గదన్నా. సార్‌కు చెప్పన్నా.”

“చూపిస్తివి. మార్చింది నువ్వు గాబట్టే తప్పు యాడుందో నీకు తెలిసింది.”

ఆ మాట తడుముకోకుండా వచ్చింది. అప్పటికప్పుడు పుట్టిందా, ఆ కాగితం చూసినప్పుడే లోపల తయారయిందా? ఇన్నేళ్లుగా అడుక్కుంటున్నాను. తయారయిందనే అనుకుంటున్నాను.

మేనేజరు ఇంకో ప్రశ్న వేయలేదు. రూటర్ ఎవరు పెట్టారని అడిగి ఉంటే నేను దొరికిపోయేవాణ్ని. ఆ మనిషిని చాలా ఏళ్లు తిట్టుకున్నాను. తిట్టుకోవడం సుఖంగా ఉండేది. రూటర్ మీద పడ్డ చెయ్యి నాది, తిరిగిన నాలుక నాది, ఆయన్ను తిట్టడానికి నాకేం హక్కుంది?

మర్నాడు ఆమెను గేటు దాటనివ్వలేదు. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ఎక్కడికి పోయినా కంప్యూటర్లు చెడగొట్టిన పిల్ల నువ్వేనా అని అడిగారట. ఒకరోజు వాళ్ల నాయన వచ్చి గేటు దగ్గర నాకోసం అడిగాడు. నేను లేనని చెప్పించాను. సర్వర్ గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. ఆయన మధ్యాహ్నందాకా ఎండలో నిలబడి వెళ్లిపోయాడు.

నేను మాత్రం అదే ఫ్యాక్టరీలో పెద్దవాణ్నయ్యాను. నా కింద నలుగురు. డొమైన్‌లో చేరకపోతే ముందు డీఎన్‌ఎస్ చూడండి, పనిచేసే కంప్యూటర్‌తో పోల్చండి అని వాళ్లకు నేర్పుతాను. అది సార్ పద్ధతి అంటారు వాళ్లు. నేను కాదనను. కాదనలేక, చిన్న పొరపాటుకు కూడా వాళ్ల మీద అరుస్తాను. ఎవరి మీద అరుస్తున్నానో వాళ్లకు తెలియదు.

పోయిన నెల మా బంధువుల పెళ్లికని ధర్మవరం పోయాం, చీరలకు. దుకాణంలో చీరలు విప్పి చూపిస్తున్నది వరలక్ష్మి. నన్ను గుర్తుపట్టింది. కౌంటర్ దగ్గర కంప్యూటర్ మొరాయించి ఓనరు కస్సుబుస్సులాడుతున్నాడు. ఆమె అటువైపు తలైనా తిప్పలేదు. “ఇది తీసుకోక్కా, నీకు బాగుంటాది” అని నా భార్యతో అంది. నాతో ఏమీ అనలేదు. నేను చీరల సంచి పట్టుకుని గుమ్మం వైపు నడిచాను. బయటికొచ్చాక ఆమె మీద కోపమొచ్చింది, నాలుగు తిట్టి ఉండొచ్చు కదా అని. తర్వాత సిగ్గేసింది. తిట్టి నా బరువు దించే పని కూడా ఆమే చెయ్యాలా?

ఇవాళ యాజమాన్యానికి ఉత్తరం రాశాను. రూటర్లో తప్పు చేసింది నేను, దాన్ని కనిపెట్టింది వరలక్ష్మి, ఆమె మీద అబద్ధం చెప్పింది నేను అని రాసి సంతకం పెట్టాను. ఒక ప్రతి ఆమె పేరున దుకాణానికి పంపాను. క్షమించమని రాయలేదు. ఉద్యోగం పోతే పోనీ. ఆమె దాన్ని చింపేసినా సరే, చదవకపోయినా సరే. నా మీద నాకున్న కోపం వీసమెత్తు తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు. కానీ పోస్టాఫీసు మెట్లు దిగుతుంటే ఊపిరి నిండా ఆడింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. అంతే.