కొబ్బరినూనె మరకకు ఎస్టిమేట్

మా అన్నకు మా ఇల్లున్న గౌలిపుర ఏడాదికి ఒక్కసారి గుర్తొస్తుంది, బోనాలప్పుడు. మిగతా రోజులన్నీ ఆయన నగరానికి ఆ చివర, లిఫ్టూ జిమ్మూ ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు. సొంతిల్లెక్కడని ఎవరైనా అడిగితే "ఓల్డ్ సిటీ సైడ్" అని గొంతు తగ్గించి చెబుతాడు. అలాంటిది ఈసారి ఆయన ఆఫీసులో ఎవరికో బోనాల ఊరేగింపు దగ్గర్నుంచి చూడాలని బుద్ధి పుట్టిందట. మా డాబా మీద నిలబడితే ఘటాలు, పోతరాజులు, జనం అంతా కింద కనిపిస్తారు. దాంతో ఆయన గొంతు లేచింది. అందరినీ పిలిచేసి, ఆ తర్వాత తీరిగ్గా మాకు ఫోన్ చేశాడు.

"ఇల్లు చూస్తే నాకే సిగ్గైతుంది. రంగులేపిద్దాం. పైసల్ నేనిస్త," అన్నాడు.

ఇంటిని చూసి సిగ్గుపడ్డాడు కానీ, ఆషాఢం వానల్లో గోడలకు రంగు వేయించమంటున్నందుకు మాత్రం పడలేదు. ఎండలు మండిన మూడు నెలలూ ఈ మనిషి ఎక్కడికి పోయాడో!

మా ఇల్లేమీ కోట కాదు. ముందొక హాలు, వెనక రెండు గదులు, వంటిల్లు. తాత నాటి బర్రెల కొట్టంలో ఇప్పుడు ఎవరెవరో బైకులు పెట్టుకుంటారు, కిరాయి వస్తుంది. ఇంట్లో ఉండేది బాపూ నేనూ. నేను దగ్గర్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. అమ్మ పోయి మూడేళ్ళయింది.

అమ్మ పోయింది కానీ, హాల్లో గుమ్మం పక్క గోడ మీద ఆమె తల ఆనవాలు మిగిలింది. సందులోంచి గాలి వచ్చేది అక్కడే. మధ్యాహ్నం పనులయ్యాక చాప పరుచుకుని, ఆ గోడకు తల ఆనించి బియ్యంలో రాళ్ళు ఏరేది, పోయేవాళ్ళను పిలిచి మాట్లాడేది, మధ్యమధ్య కునుకు తీసేది. కొబ్బరినూనె చెంపల మీదికి కారేదాకా రాసుకుంటే తప్ప తల దువ్వుకున్నట్టు ఉండేది కాదు ఆమెకు. ఏళ్ళ తరబడి ఆ నూనె పీల్చి పీల్చి గోడ మీద పళ్ళెమంత గోధుమరంగు మరక తేలింది. అంచుల్లో దుమ్ము పట్టి నల్లబడింది. చూడటానికి బాగుంటుందని నేను అబద్ధం చెప్పను. జిడ్డు జిడ్డే.

బాపు రోజూ దానికి ఎదురుగా కుర్చీ వేసుకుని చాయ్ తాగుతాడు. దాన్ని తడమడం, దానితో మాట్లాడటం లాంటి వేషాలు మా ఇంటావంటా లేవు. ఊరికే ఎదురుగా కూర్చుంటాడు. ఒకసారి నేను క్యాలెండర్ తగిలిద్దామని మేకూ సుత్తీ పట్టుకుని అటు పోతే "ఆడ వద్దు" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు, నేనూ అడగలేదు. అందుకే అన్న రంగుల మాట ఎత్తగానే నాకు మొదట ఆ మరకే తట్టింది. బాపుకూ అదే తట్టిందని ఆయన మొహం చూస్తే తెలిసింది. కానీ ఆయన నోటి నుంచి వచ్చిన మాట వేరు.

"రేటెంతంట?"

మొదట వచ్చింది కిషన్‌బాగ్ పెయింటర్. మా సందులో సగం ఇళ్ళకు ఆయనే రంగులు వేశాడు. మిగతా సగం, వేస్తానని ఒక గోడ గీకి వదిలేసినవి. అది ఆయన పద్ధతి. పండగల ముందు దొరికిన పనల్లా ఒప్పుకుంటాడు, ఒక్కో ఇంట్లో ఒక్కో గోడ గీకి పోతాడు. సగం గీకిన గోడను పెట్టుకుని ఇంటివాళ్ళు ఇంకెక్కడికీ పోలేరని ఆయన ధీమా. ఈ మహానుభావుడు మా ఇంట్లో టేపైనా తీయలేదు. గదులన్నీ ఒక చుట్టు తిరిగి, పైకప్పు వంక చూసి, పాన్ ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చాడు.

"మెటీరియల్‌తోని ముప్పై ఐదు వేలు, చాచా. ఖాళీ మజ్దూరీ అంటే పద్దెనిమిది. డబ్బాలు మీరే తెచ్చుకోవాలె."

"ముప్పై ఐదా? గంతల నా పెండ్లి, నీ పెండ్లి రెండూ ఐతయ్," అన్నాడు బాపు. "కిటికీలు, దర్వాజలు గూడ లెక్కల కట్టినవా ఏంది? వాటికి రంగెందుకు?"

"అవి తీసేసే చెప్పిన చాచా."

"ఐతే ఇంక జర తియ్."

అలా గంటసేపు నడిచింది. ముప్పై ఐదు ముప్పై అయింది, ముప్పై ఇరవై ఎనిమిది అయింది. మామూలుగా రేటు దిగితే బేరమాడే మనిషి మొహం వెలగాలి. బాపు మొహం మాత్రం దిగినకొద్దీ మాడిపోయింది. ఎక్కడ కుదిరిపోతుందోనని ఆయన భయం. చివరికి ఏ వంకా దొరక్క "నీ బ్రష్షులు మంచిగ లేవు" అన్నాడు. ఆ మనిషి వెంట బ్రష్షులే తెచ్చుకోలేదు.

"చాచాకు రంగులేపిచ్చుకునే ఇరాదా లేదు, టీచరమ్మా," అని నాతో చెప్పి, బండెక్కి పోయాడు.

నాకు ఒళ్ళు మండింది. పాలమ్మే రోజుల్లో, పాలల్లో నీళ్ళు కలిపావని ఎవరైనా నోరు జారితే వాళ్ళ ఏడు తరాలనూ నడివీధిలో దులిపేసిన నోరు బాపుది. ఆ నోటికి "ఆ మరక ఉండనియ్యి" అనే మూడు ముక్కలు పెగలలేదు. సరే, నేనే అన్న చెవిన వేశాను.

"ఆ గుమ్మం పక్కన జాగ ఒక్కటి ఇడిసిపెడదాం అన్నా. అమ్మ కూసునే జాగ."

"ఆ జిడ్డా? ఫస్ట్ పోవాల్సిందే అది. నాకు మాత్రం అమ్మ గుర్తులేదా? ఆమె ఫోటో పెద్దది చేపించిన. లైట్ల దండతోని కరెక్టుగా ఆడనే పెడదాం."

ఆ ఫోటో నేను తర్వాత చూశాను. ఏదో పెళ్ళిలో తీసింది. కంప్యూటర్‌లో మొహం తెల్లగా చేశారు, చీర రంగు మార్చారు, జుట్టు ఆరబెట్టినట్టు ఉబ్బించారు. తలలో చుక్క నూనె లేని మా అమ్మను నేను మొదటిసారి చూడటం అప్పుడే.

ఇక కిషన్‌బాగ్ మనిషితో తేలేలా లేదని అన్న ఫోన్లోనే ఒక పెయింటింగ్ కంపెనీని బుక్ చేశాడు. ప్రొఫెషనల్స్ అన్నాడు. ఇద్దరు కుర్రాళ్ళు ఒకే రంగు టీషర్టుల్లో వచ్చి, చెప్పులు విప్పి, కాళ్ళకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కున్నారు. అంత శుభ్రం మా ఇంటికి డాక్టర్ వచ్చినప్పుడు కూడా చూడలేదు. ఒకడి చేతిలో గోడ పొడవు కొలిచే లైటు, ఇంకొకడి చేతిలో తడి కొలిచే మిషను. వానాకాలంలో గోడలో తడి ఉందని ఆ మిషను చెప్పింది. వాళ్ళు ఎంతో గంభీరంగా తలలూపారు.

ఎస్టిమేట్ నా చేతిలో పెట్టారు. నేల కొలత చూసి గోడల ఖర్చు అంచనా వేసుకుంటే మునుగుతామని నాకు తెలుసు. నాలుగు గోడలూ పైకప్పూ కలిపితే నేల కొలతకు ఇంచుమించు మూడింతలు వస్తుంది. వీళ్ళ లెక్క నాలుగింతలు దాటింది.

"కిటికీలు, తలుపులు తీసేయలేదా?" అన్నాను.

"విండో చుట్టూ ఎడ్జ్ వర్క్ ఉంటది కదా మేడమ్. దాంట్ల అడ్జస్ట్ అయితది."

కన్నానికి రంగు వేస్తానని ఇంత మర్యాదగా చెప్పిన మనిషి నాకు ఇంకెక్కడా తగల్లేదు. మా ఏడో తరగతి పిల్లవాడు ఇలా లెక్క చేస్తే చెవి మెలేసేదాన్ని. సామాను మీద పట్టా కప్పడానికి ఒక ఖర్చు, ఆ పట్టా తీశాక ఊడవడానికి ఇంకో ఖర్చు. కింద విడిగా ఒక లైను: ఆయిల్ స్టెయిన్ ట్రీట్‌మెంట్, ఒక చోట, రెండు వేల ఐదు వందలు. మొత్తం డెబ్బై రెండు వేలు. ఇవాళే ఒప్పుకుంటే డిస్కౌంట్ అట.

అన్న వీడియో కాల్‌లో ఉన్నాడు. ఆ మరక లైను చదివి వినిపించగానే బాపు కుర్చీలో ముందుకు జరిగాడు.

"దానికి రెండు వేల ఐదు నూర్లా? అది తీసెయ్యి. చెయ్యకుంటే తగ్గుతది గద," అన్నాడు. ఆయన గొంతులో అంత ఆశ నేను చాలా రోజులకు విన్నాను.

"దాన్ని వదిలేస్తే ఆ గోడకు వారంటీ రాదు సర్," అన్నాడు కుర్రాడు.

"ఉండనియ్ బాపూ, పైసల్ నేనిస్తున్న గద," అన్నాడు అన్న ఫోన్లోంచి.

బాపుకు తెలిసిన అడ్డు అదొక్కటే, రేటు. పైసలు తనవి కావని తేలాక ఇంకేం మాట్లాడతాడు? వెనక్కి జారబడి ఆ మరక వంకే చూస్తూ కూర్చున్నాడు.

పని మొదలైన రోజు తలుపు తీస్తే, కంపెనీ టీషర్టు వేసుకుని కిషన్‌బాగ్ పెయింటర్! నోట్లో పాన్ లేదు. "గుడ్ మార్నింగ్ సర్" అని బాపుకు సలాం కొట్టి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

"పని దొరికితే కంపెనీ వాళ్ళు మమ్మల్నే పిలుస్తరు, చాచా. ఇరవై ఎనిమిదికి ఊ అంటే ఐపోవు గద!"

అవే చేతులు, అదే నిచ్చెన. పైన టీషర్టు తొడిగినందుకు రెట్టింపు దాటిన రేటు. అన్నకు ఫోన్ చేసి చెప్పాను. "ప్రాసెస్ వేరుంటది," అన్నాడు. ప్రాసెస్ అంటే పాన్ నమలకపోవడమని అప్పుడు తెలిసింది.

హాల్లో గుమ్మం పక్క గోడ వంతు వచ్చింది. బాపు కుర్చీలోంచి లేవలేదు. పెయింటర్ గీకుడు బిళ్ళ పట్టుకుని నిలబడ్డాడు. నేను ఆయన్ని పక్కకు పిలిచి, అది ఎవరి మరకో చెప్పాను.

"ముందే చెప్పొద్దా టీచరమ్మా? నా పనైతే గాడ బీరువా పెట్టి, అంత జాగ ఇడిసిపెట్టి పోతుంటి. ఇప్పుడు గోడ గోడకూ ఫోటో దించి కంపెనీకి పంపాలె. మరక కనవడితే నా పైసల్ కట్."

బీరువా వెనక జాగకు కూడా రేటు కట్టేవాడే, అందులో నాకు అనుమానం లేదు. కానీ వదిలేసేవాడు. ఆ బేరం రోజు ఒక్క మాట అని ఉంటే ఇరవై ఎనిమిది వేలకే ఆ మరక మిగిలేది. బాపు ఇదంతా విన్నాడు. కుర్చీ ఎత్తుకుని వానజల్లులో అరుగు మీదికి పోతూ "కానియ్," అన్నాడు.

ఉప్పుకాగితంతో రుద్దారు, సబ్బునీళ్ళతో కడిగారు, ముక్కు పగిలే వాసన ఉన్న మందేదో పూశారు. దాని మీద పుట్టీ, దాని మీద అన్న ఫోన్లో ఎంచిన రంగు. ఆ రంగుకు ఇంగ్లీషులో బారెడు పేరుంది. పాల వ్యాపారం చేసిన ఇంట్లో దాన్ని నీళ్ళ మజ్జిగ అంటారు. ఆ తడికి మిగతా గోడలన్నీ చెమటలు పట్టి, బోనాలు దాటిన వారానికే బొబ్బలెక్కాయి. ఆ ఒక్క చోటు మాత్రం అద్దంలా ఆరింది. ఇచ్చిన డబ్బుకు సరిగ్గా చేసిన పని అదొక్కటే.

బోనాల నాడు అన్న బలగం దిగింది. డాబా ఎక్కారు, ఫోటోలు దిగారు, తిన్నారు. ఒకావిడ మాత్రం హాలంతా కలయజూసి మొహం చిన్నబుచ్చుకుంది. "ఓల్డ్ సిటీ ఇల్లంటే పాత గోడలు అవీ ఉంటాయనుకున్నా. ఇది మా ఫ్లాట్ లాగే ఉందే," అంది. డెబ్బై రెండు వేలు పోసి ఆవిడ చూడాలనుకున్నదాన్నే తుడిపేశామన్నమాట. నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయాను. వచ్చేసరికి గుమ్మం పక్క గోడ మీద అమ్మ ఫోటో ఎర్ర లైట్లతో ఆరుతూ వెలుగుతూ ఉంది. బాపు కుర్చీ అటు తిరిగి లేదు, వీధి వైపు తిరిగి ఉంది. ఆ వారమంతా అలాగే ఉంది.

ఒక మధ్యాహ్నం నేను స్కూలు నుంచి వచ్చేసరికి బాపు వంటింటి అరలు వెతుకుతున్నాడు.

"మీ అమ్మ కొబ్బరినూనె ఏడ పెట్టినవ్?"

బాపు తలలో నాలుగు వెంట్రుకలున్నాయి, అవీ చెవుల పైన. నూనె గిన్నె పట్టుకుని అమ్మ వెంటపడితే కొట్టంలోకి పారిపోయిన మనిషి. ఇప్పుడు దోసిట్లో ఒంపుకుని, బట్టతల నిండా పట్టించి, చెవుల మీదికి కారేదాకా రాశాడు. లైట్ల దండ వైరు పీకాడు. ఫోటో తీసి ఎదుటి గోడకు తగిలించమన్నాడు. గుమ్మం పక్కన చాప పరిచి, మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ కూర్చుని, నీళ్ళ మజ్జిగ రంగు గోడకు తల ఆనించాడు.

"ఈడ గాలి మంచిగొస్తది," అన్నాడు.

అప్పటినుంచి రోజూ అదే. అన్న ఈ మధ్య వచ్చినప్పుడు, బాపు తల వెనక గోడ నిగనిగలాడటం చూసి అదిరిపడ్డాడు.

"ఏందిది? మళ్ళ జిడ్డా! వారంటీ ఉన్నది, ఉండు," అని కంపెనీకి ఫోన్ కలిపాడు.

బాపు కళ్ళు తెరవలేదు. రేటు అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు.

"ఫోన్ పెట్టెయ్యి," అన్నాడు. "ఇది మీ అమ్మ జాగ. మీ అమ్మ లేక నాకు పొద్దు పోతలేదు. దీని జోలికి రాకు."

ఫోన్లోంచి ఎవరో "హలో సర్, చెప్పండి సర్" అంటూనే ఉన్నారు. అన్న దాన్ని కట్ చేసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత చాప ఈ చివర, బాపు పక్కనే కూలబడి, తనూ గోడకు తల ఆనించాడు.

"నూనె అంటుతది, షర్ట్ ఖరాబైతది, జర జరుగు," అన్నాను నేను, నోరూరుకోక.

అన్న జరగలేదు.