మలుపు దాకా మోకాలి నొప్పి

ఎదురింటి మామ్మ పోయిందని అమ్మ వంటింట్లోంచే చెప్పింది. బియ్యం కడుగుతున్న చేయి ఆపకుండా, "తెల్లారగట్ట పోయిందట. నిద్దట్లోనే" అంది.

నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఎదురింటి అరుగు మీద ఆమె చేతికర్ర గోడకి ఆనించి ఉంది. ఆ కర్ర ఆమెకి అవసరమే లేదని మా వీధిలో నాకొక్కదానికే తెలుసనుకునేదాన్ని.

రాయగడలో మా ఇల్లు కింద కొట్టు, పైన కాపురం. మెట్లు దిగితే కిరాణా బస్తాల మధ్యకి వస్తాం. బయటికి వెళ్ళాలంటే నాన్న గల్లాపెట్టె ముందు నుంచే దారి. డిగ్రీ అయిపోయాక విజయనగరంలో పై చదువుకి సీటు వచ్చింది. "సదివింది సాలు" అన్నాడు నాన్న. కోప్పడలేదు. కోప్పడి ఉంటే జవాబు చెప్పడానికి నాకు మాటలు దొరికేవేమో.

మిగిలింది మలుపు అవతలి లైబ్రరీ. ఒకటే గది, ముందు వరండా. సగం అలమారాలు ఒడియా, సగం తెలుగు. కాన్వెంటులో నాకు తెలుగు లేదు. తెలుగు చదవడం నాకు ఈ లైబ్రరీలోనే వచ్చింది. ఒక ఏడు సర్కారు నుంచి వచ్చే డబ్బు ఆగిపోయింది. పేపర్లు మానేశారు, తలుపు తీసే మనిషిని మానిపించారు. ఎవరూ రాకపోతే గదిని గోడౌనుకి ఇచ్చేస్తామని ఆఫీసువాళ్ళు చెప్పి వెళ్ళారు. మూసిన తలుపు దగ్గర నాకేం పని ఉంటుంది? నేను మేడ దిగడం మానేశాను.

అప్పుడు మామ్మ మా కొట్టుకి వచ్చింది. మెట్ల మీద కూర్చుని నేను వింటున్నాను.

"నాయినా, నా మోకాళ్ళు పట్టీసినాయి. లైబ్రరీ కాడికి ఎల్లాల. పిల్లని తోడు అంపు."

"లైబ్రరీలో నీకేటి పని మామ్మా?"

"పని నాకు కాదు, సింతపండుకి. మా అరుగు సాల్డం నేదు. తాళం నానే తీస్తాను, నానే మూస్తానని ఆఫీసోళ్ళకి సెప్పేను. ఊరికే పడున్న వరండా."

నాన్న నవ్వాడు. పెద్దావిడ మాట కాదనలేకపోయాడు. మామ్మ నా భుజం మీద చేయి వేసి, కర్ర టకటకలాడిస్తూ, కుంటుతూ నడిచింది. మలుపు తిరగగానే నిటారుగా నిలబడింది. కర్ర చంకన పెట్టుకుని, "ఇంక బేగి నడు అమ్మీ" అంది. ఆమె వెనక నేను పరిగెత్తాల్సి వచ్చింది.

ఆ రోజు నుంచి అదే పద్ధతి. మలుపు దాకా నొప్పి, ఆ తరవాత లేదు.

బంధుగాం సంతల నుంచి మామ్మ వాళ్ళ కొట్టుకి చింతపండు వస్తుంది. గింజ తీయడానికి వచ్చే ఆడవాళ్ళందరినీ మామ్మ తన అరుగు మీది నుంచి లైబ్రరీ వరండాకి మార్చేసింది. చింతపండు కాలం అయిపోతే అడ్డాకుల విస్తర్లు. తలుపు తెరిచి ఉంటే మనుషులు రావడం మొదలుపెట్టారు. మిఠాయి కొట్టాయన కరెంటు బిల్లు తాను కడతానన్నాడు. తెరుబలి కర్మాగారంలో పనిచేసేవాళ్ళు సెలవు రోజున తాము చదివేసిన పేపర్లు మడత పెట్టి తెచ్చేవారు.

పని చేసే చేతులతో పుస్తకం పట్టుకోలేరు కనుక నేను చదివి వినిపించాలి. నాకు పైకి చదవడం రాదు. సిస్టర్లు మెల్లగా మాట్లాడమని నేర్పారు, నేను ఇంకా మెల్లగా నేర్చుకున్నాను.

"కాన్వెంటులో గొంతు తాకట్టెట్టి వచ్చేవేటే?" అంది మామ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వాక గొంతు కొంచెం పెరిగింది.

ఒక నవలలో ఒక అమ్మాయి ఒంటరిగా రైలెక్కుతుంది. మామ్మ ఆ చోటు మళ్ళీ మళ్ళీ చదివించుకునేది. పెళ్ళికూతురుగా పార్వతీపురం నుంచి రాయగడకి వచ్చినప్పుడు ఆమె రైలెక్కింది. ఆ తరవాత ఎక్కలేదు.

"ఎక్కిందేటి?"

"ఎక్కింది మామ్మా."

"అక్కడ ఆపీ. దిగనియ్యకు."

ఒకరోజు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. వరండా నిండా చింతపండు చూసి, "పాఠకొ కాహాంతి?" అన్నాడు. చదివేవాళ్ళు ఎక్కడ అని. మామ్మ చేత్తో అందరినీ చూపించింది. ఆయన వచ్చీరాని తెలుగులో, "ఇది చింతపండు గోడౌనా, లైబ్రరీయా?" అన్నాడు.

"రెండూను బాబూ. సేతులకి అది, సెవులకి ఇది."

చదివేవాళ్ళనే లెక్కలోకి తీసుకుంటాం, వినేవాళ్ళని కాదు అని చెప్పి వెళ్ళాడు ఆయన.

మర్నాడు మామ్మ అందరి ఒళ్ళోనూ ఒక్కొక్క పుస్తకం పెట్టింది. చేతులు తుడుచుకోవడం, ఒక పేజీ తిప్పడం, మళ్ళీ గింజ తీయడం. చింతపండు అంత సులువుగా వదులుతుందా? పేజీలు అతుక్కుపోయాయి. నవలలకి చీమలు పట్టాయి. నాకు ఏడుపొచ్చింది. మామ్మ మాత్రం, "ఎండలో పెట్టమ్మీ, అప్పడాలు పెట్టవేటి?" అంది.

ఆఫీసాయన మళ్ళీ వచ్చినప్పుడు ఒక పుస్తకం తీసి తిప్పాడు. ప్రతి పేజీ అంచునా గోధుమ రంగు వేలిముద్ర. "ఏంటివి?" అన్నాడు.

"సదివిన గురుతు బాబూ. మీ ఆఫీసు పుస్తకాల మీద ఉన్నాయేటి ఇలాటివి?"

ఆయన నవ్వాపుకోలేక, "ఈసారికి ఉండనీండి" అన్నాడు. ఈసారికి. ఆ మాట మీదే లైబ్రరీ నిలబడి ఉంది. ఆయన మళ్ళీ వస్తాడు.

మామ్మ నన్ను ఎక్కడికీ పంపించలేకపోయింది. విజయనగరం మాట ఒకసారి నాన్న దగ్గర ఎత్తింది కూడా. ఆయన తూకం రాయి పక్కన పెట్టి, "మామ్మా, అది మా ఇంటి సంగతి" అన్నాడు. ఆ రోజు మలుపు దాటాక కూడా ఆమె నిజంగానే నెమ్మదిగా నడిచింది. నాకు దక్కింది ఆ వరండా, మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే వేళ దాకా. అది చిన్నదే. కానీ అక్కడ నా గొంతు నాకు వినబడేది.

ఆమె పోయాక లైబ్రరీ తలుపు తీయలేదు. మైల రోజులని ఎవరూ తాళం అడగలేదు. ఆ తరవాత కూడా అడగలేదు. విస్తర్లు కుట్టే ఒకావిడ మా కొట్టుకి బెల్లానికి వచ్చి, పైకి చూసి, "అమ్మీ, ఆ ఆఫీసోడు వచ్చీసరికి తాళం ఉంటే ఎలాగే?" అంది. నేను కిటికీలోంచి తలూపాను. నాన్నని అడగడానికి నా దగ్గర మోకాలి నొప్పి లేదు. నా వయసులో ఎవరు నమ్ముతారు?

నిన్న మధ్యాహ్నం అన్నం వార్చాక అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ, "చెప్పులేసుకో" అంది. ఆమె కొంగు చివర తాళంచెవి ముడేసి ఉంది. ఎదురింటి కోడలిని ఎప్పుడు అడిగి తెచ్చిందో తెలియదు. దుకాణంలోకి దిగి గల్లాపెట్టె ముందు నిలబడింది.

"మోకాలు పట్టీసినాది. ఆ లైబ్రరీ వరండాలో నలుగురితో కూకుంటే కాస్త కాలు సాగుతాదట. అమ్మిని తోడు తీసుకెళ్తాను."

నాన్న కళ్ళజోడు మీంచి చూశాడు. "నిన్నటి దాకా నేని నొప్పి ఏటి?"

"నొప్పి సెప్పి వస్తాదేటి?"

నాన్న ఇంకేదో అనబోయాడు. ఇంతలో ఎవరో పంచదార అడిగారు.

గడప దిగేటప్పుడు అమ్మ కుడి కాలు కుంటింది. మిఠాయి కొట్టు దగ్గరికి వచ్చేసరికి ఎడమ కాలు.

"అమ్మా, కాలు మారింది" అన్నాను మెల్లగా.

"నోర్ముయ్. మలుపు వచ్చిందా?"

మేడ మీద అమ్మ బట్టలు ఆరేసే చోటు నుంచి మలుపు అవతల కూడా కనిపిస్తుందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఆమె అక్కడ నిలబడి మమ్మల్ని చూసి ఉంటుంది.

"ఇంకా రాలేదు" అన్నాను.

అమ్మ నా భుజం మీద ఇంకాస్త బరువు వేసింది. వెనక కొట్టులోంచి నాన్న చూస్తున్నాడో లేదో మేం తిరిగి చూడలేదు. ఆమె చేతికి గంజి తడి ఇంకా ఆరలేదు. కుంటుతూ నడిచాం.