ఖయ్యూం భాషలో తీసేసిన మాట

ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులవి. ఎనభై నాలుగో సంవత్సరం. మా పాత పోస్టాఫీసు వీధిలో ఉండే ఖయ్యూం ఒక కాంట్రాక్టరు కింద ఖలాసీ మేస్త్రీ. ఇనుప దూలాలకు తాళ్లు కట్టించి, క్రేనుతో పైకెత్తించడం అతని పని. ముఠాలో ఒరియావాళ్లు, తమిళులు, బీహారీలు, మన ఎలమంచిలివాళ్లు కలగలిసి ఉండేవారు. "ఆగు" అని అరిస్తే సగం మందే ఆగేవారు. అలా ఆగనందువల్ల అప్పలసూరి అనే కూలీ చెయ్యి నలిగిపోయింది. ఆ కోపంతో ఖయ్యూం అందరికీ ఒక భాష కట్టడానికి పూనుకున్నాడు.

కట్టడమే, అంతకంటె తగిన క్రియ నాకు దొరకలేదు. ఎత్తడానికి తెలుగు 'లేపు', దించడానికి హిందీ 'నీచే', ఆగడానికి తమిళ 'నిల్లు', ఒకటికి ఒరియా 'గోటే'. ఏ ఒక్కడి నోరు తిరగకపోయినా ఆ మాటను పారేసేవాడు. నూట ఎనభై మాటలయ్యాక నాకు వినిపించాడు. ముప్ఫయ్యేళ్లు వ్యాకరణం చెప్పినవాణ్ణి. విభక్తులు లేనిది భాష కాదని వాదించాను. ఇప్పటికీ అలాగే వాదిస్తాను గాని, అది వేరే వ్యాసం.

"క్రేను కింద నిలబడ్డోడికి ఇబత్తులెందుకు మాస్టారూ?" అని నవ్వాడు.

అతనికి ప్రాణమైన మాట 'మట్టే'. తమిళుల 'మాట్టేన్'ను కురచ చేసి తీసుకున్నది. ప్రమాదముంది, ఈ పని చెయ్యను అని అర్థం. ఆ మాట ఎవరన్నా, కారణం తేలేదాకా పని ఆగాలని అతని నియమం.

కాంట్రాక్టరు ముచ్చటపడి దాన్ని చిన్న పుస్తకంగా వేయించాడు. అచ్చుతప్పులు దిద్దమని అక్కడి పని చూసే ఇంజనీరు నరసింహమూర్తి నాకే పంపాడు. దిద్దాను. పుస్తకం వెలువడిన సాయంత్రం ఖయ్యూం మా అరుగెక్కాడు. కూర్చోలేదు.

"మట్టే ఏది మాస్టారూ? తాడు తెగేటట్టుందన్న మాట ఏది? లేపు, నీచే, బేగి సెయ్యి, ఇయ్యే ఉన్నాయి. దీర్ఘాలన్నీ సక్కగా దిద్దినారు. మడిసి నోరు కుట్టీసినారు, అది కనపడనేదా?"

కనపడలేదు. ఆ కోపానికి నేనూ పాత్రుణ్ణే.

మర్నాడు అతను ఇంజనీరును నిలదీస్తే, అటువంటి మాటలు పనికి అడ్డమని బదులొచ్చిందట. ఖయ్యూం పుస్తకాల కట్టను ఆయన బల్లమీదే పడేసి, అన్నాల వేళ ముఠా చేత ఆ ఒక్క మాటే పదిసార్లు పలికించాడు.

వారం తిరక్కుండా, సముద్రపు గాలి ఈడ్చి కొడుతున్న ఒక పూట, నరసింహమూర్తి దూలం లేపమన్నాడు. ఒరియా కూలీ ఒకడు తాడు వదిలేసి "మట్టే" అన్నాడు. వెనకనున్న తమిళుడు అన్నాడు. ముఠా అంతా అంది.

నరసింహమూర్తి మొహం కందగడ్డైంది. "ఎవడు నేర్పాడ్రా ఇది?"

"నానే బాబూ," అన్నాడు ఖయ్యూం. "పుస్తకంలో తీసేత్తే నోట్లో నేకుండా పోద్దేటి?"

గేటు పాసు అప్పటికప్పుడే లాక్కున్నారు. కొత్త మేస్త్రీని పెట్టి, అదే పుస్తకం చేతికిచ్చారు. గాలి తగ్గేదాకా ఆ దూలాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.