మా ఊరివాళ్ళు నాకు చెప్పిన "లేదు"

నాకు కుళ్ళు. పీజీలో చేరిన రోజు నుంచీ నా తోటి పీజీ అమ్మాయంటే కుళ్ళే. ఇద్దరం కమ్యూనిటీ మెడిసిన్, ఒకే గైడ్ మేడమ్ దగ్గర. ఆ అమ్మాయి నాన్నకి నరసరావుపేటలో మెకానిక్ షెడ్డు. మాది పెదకూరపాడు వైపు మిరప పండించే ఇల్లు, ఊరి రాజకీయం సగం మా వసారాలోనే నడుస్తుంది. అందుకే కాబోలు, ఆమె నాకంటే ముందుండటం నాకు మింగుడు పడేది కాదు. మనసులో "షెడ్డు పిల్ల" అనుకునేదాన్ని.

థీసిస్‌కి మేడమ్ ఇద్దరికీ దగ్గర దగ్గర పనే ఇచ్చారు. మందు కొట్టిన మిరప చేలల్లో కూలికి దిగే ఆడవాళ్ళకి తల తిరగడం, వాంతులు, కళ్ళ మంటలు వస్తున్నాయేమో ఇల్లిల్లూ తిరిగి అడిగి ఫారాలు నింపాలి. ఆమెకి ముప్పాళ్ళ వైపు ఊరు. నేను మా ఊరే తీసుకున్నాను, తెలివైన పని అనుకుని. నాన్న కబురు పెట్టగానే కూలీలంతా మా వసారా ముందు వరస కట్టారు. నేను కుర్చీలో, వాళ్ళు నిలబడి. తల తిరిగిందా? "లేదండీ." వాంతులు? "లేదండీ." ఎండ మొహం చూడకుండా వారంలో అయిపోయింది.

ఆమెకి అదే పనికి నెల దాటింది. ఒకరోజు చూసొద్దామని తోడు వెళ్ళాను. నేల మీద బాసింపట్టు వేసుకుని, ఆడవాళ్ళతో పాటు మిరపకాయల తొడిమలు తీస్తూ అడుగుతోంది. వాళ్ళు ముందు కోడళ్ళ మీద చాడీలు చెప్పారు, తర్వాత అడక్కుండానే చేలో కళ్ళు తిరిగి పడ్డ సంగతులు చెప్పారు. వచ్చేటప్పుడు ఒకామె సొరకాయ చేతిలో పెట్టింది. మా ఊళ్ళో నాకు ఒక్క దోసకాయ ఇచ్చినవాళ్ళు లేరు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, ఆమె ఫారాలు నిజంగానే రుచిగా ఉన్నాయి.

మేడమ్ నా ఫారాల కట్ట తిరగేశారు.

"మీ ఊరి చేలకి పురుగుమందు బదులు పన్నీరు కొడతారా అమ్మా?"

"నావి సరిగ్గానే ఉన్నాయి మేడమ్. తనే వాళ్ళకి నూరిపోసి చెప్పిస్తోంది."

ఆ మాట అన్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం కడుపు చల్లబడింది.

"అయితే మీ ఊళ్ళో పది ఇళ్ళు తను మళ్ళీ అడుగుతుంది. నువ్వు వెళ్ళొద్దు. తేడా వస్తే నీ థీసిస్ మళ్ళీ మొదటి నుంచి" అన్నారు మేడమ్. థీసిస్ లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు.

మూడు రోజులు హాస్టల్లో కూర్చుని మొక్కుకున్నాను. మావాళ్ళకి జబ్బులు ఉండకూడదని కాదు, ఉన్నా ఆమెతో చెప్పకూడదని.

తిరిగొచ్చి ఫారాలు ముందు నాకే ఇచ్చింది. ఇంచుమించు అన్నిట్లోనూ "ఉంది." పేర్లు లేవు గానీ నంబర్లు నేను వేసినవే, ఏది ఎవరిదో నాకు తెలుసు. ఒకటి, నన్ను చిన్నప్పుడు చంకనేసుకు తిప్పిన పెద్దామెది. మందు కొట్టిన మర్నాడే కోతకి దిగి, చేలో వాంతులు చేసుకుని పడిపోయింది. ఆ చేను మాదే.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నేనూ అదే అడిగానే. 'అమ్మాయిగోరి పరీక్ష గదమ్మా, మాకేం లేదంటే పాసవుద్దనుకున్నాం' అన్నారు. నాకోసం అబద్ధమాడేవాళ్ళు ముప్పాళ్ళ వైపు ఒక్కళ్ళూ లేరు."

షెడ్డు పిల్ల గొంతులోనూ కాస్త కుళ్ళు వినబడింది. విని సంతోషించాను. అంత నీచబుద్ధి నాది.

నాన్నకి చెప్పకుండా ఊరెళ్ళాను. పెద్దామె ఇంటి ముందు నేల మీద కూర్చున్నాను. కుర్చీ కోసం పక్కింటికి పరిగెత్తబోతే చెయ్యి పట్టుకు ఆపాను. ఆమెతో పాటు తొడిమలు తీశాను. అలవాటు లేక వేళ్ళు భగభగ మండాయి. కాసేపటికి మొదటి ప్రశ్న మళ్ళీ అడిగాను. ఆమె పని ఆపి, నా ఒళ్ళో ఉన్న ఫారం వంక చూసి, గొంతు తగ్గించింది.

"అమ్మాయిగోరూ, ఈసారి ఏమని చెప్తే పాసవుతారు?"