పతంగితో సాధించిన గాలిమర

ఎనభైల మొదట్లో మాదన్నపేటలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన నాకు అక్కడి మాట సగమే అర్థమయ్యేది. హెడ్మిస్ట్రెస్ ఎదురుపడితే భయంతో ఆ సగమూ అర్థమయ్యేది కాదు. యాభై దాటిన మనిషి, గంజి పెట్టిన చీర. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు స్టాఫ్‌రూములో ఒక్కరూ లేరు.

ఒకరోజు సర్క్యులర్ వచ్చింది. గాలితో కరెంటు పుట్టించే మర పెట్టుకునే బడులకు ప్రభుత్వం గ్రాంటు ఇస్తుందట! సంబరంగా దరఖాస్తు నింపుతూ ఒక్క గడి దగ్గర ఆగిపోయాను: ‘పాఠశాల వద్ద గాలి చాలినంత వీచుననుటకు నిదర్శనము’. గాలిని కొలిచే పరికరం మాకెక్కడిది? మా ల్యాబ్ అంటే నాలుగు బీకర్లు, ఒక అస్థిపంజరం బొమ్మ.

కాగితం పట్టుకుని హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్లాను. ఆవిడ చదివి కళ్లజోడు తీశారు.

“గాలి ఉన్నదా లేదా అని అడుగుతున్నరా? గింతేనా? ఆయమ్మను పంపి పతంగి, మాంజా తెప్పియ్యి.”

“పతంగా మేడమ్?”

“గట్ల చూస్తవేందమ్మా? మేం ఆరుగురం. మా అన్నలల్ల నా పతంగి కోసినోడు ఒక్కడు లేడు.”

మధ్యాహ్నం ఇద్దరం డాబా ఎక్కాం. ఆవిడ చెప్పులు విడిచి, కొంగు నడుముకు చుట్టి, రెండు గుంజుల్లో పతంగిని ఆకాశానికి ఎక్కించారు. దారం చుట్టిన చరఖా నా చేతిలో ఉంది. వారం రోజులు అదే పని. ఏ గంటలో ఎంత దారం లాగిందో, ఎంతసేపు నిలిచిందో నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని. ఐదో రోజు పక్కవీధి నుంచి ఒక ఎర్ర పతంగి మా మీదికొచ్చింది.

“చరఖా గట్టిగ పట్టు! వదులుతున్న!”

చరఖా నా చేతుల్లో గిర్రున తిరిగింది. ఎర్ర పతంగి తెగి తూలింది. “అఫా!” అని ఆవిడ పెట్టిన గెలుపు కేకకు కింద క్లాసులన్నీ ఆగిపోయాయి. నవ్వాపుకోలేక ఇద్దరం నీళ్ల ట్యాంకు పక్కన కూలబడ్డాం.

నోట్‌బుక్కు జతచేసి దరఖాస్తు పంపాం. రెండు నెలలకు ఒక ఆఫీసరు తనిఖీకి వచ్చాడు.

“క్యా మేడమ్, గవర్నమెంటుకు పతంగి లెక్కలు పంపిస్తరా?” అన్నాడు చిరాగ్గా.

హెడ్మిస్ట్రెస్ ఆయన్ని డాబా మీదికి తీసుకెళ్లి, పతంగి ఎగరేసి దారం చేతికిచ్చారు. ఆయన ఒకసారి గుంజి చూశాడు. మరోసారి గుంజాడు. ఫైలు నా చేతిలో పెట్టి, బూట్లు విప్పేశాడు. చాయ్ తెచ్చిన ఆయమ్మ రెండుసార్లు పిలిచినా వినిపించుకోలేదు. చివరికి చెమటలు కారుతుండగా, “మస్తు గాలి ఉన్నది మేడమ్! రాసిస్తున్న!” అంటూ పిట్టగోడ మీదే సంతకం చేశాడు.

గ్రాంటు వచ్చింది. రేకు రెక్కలు, డైనమో బిగించిన రోజున బడి మొత్తం డాబా మీదే. రెక్కలు మెల్లగా కదిలి జోరందుకోగానే చిన్న బల్బు మిణుకుమని వెలిగింది. ఎండలో అది సరిగా కనబడక పిల్లలు ఓణీలు పట్టి నీడచేశారు. ఆ ఏడాది డైనమో పాఠానికి నేను బోర్డు మీద బొమ్మ గీయలేదు. పాఠమంతా డాబా మీదే, గాలికి జుట్టు కళ్లల్లో పడుతుండగా, అరుస్తూ చెప్పాను.