పొట్టేలుకు జరిగిన న్యాయం

మా అత్తగారింట్లో పరీక్షలన్నీ నాకే. పెళ్లయి ఏళ్లు గడుస్తున్నా కడుపు పండలేదని మార్కాపురంలో స్కానింగులు తీయించారు, గర్భసంచి నాళాల్లోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీయించారు. నొప్పికి నేను బల్ల అంచు పట్టుకుని ఏడుస్తుంటే మా ఆయన బయట టీ తాగుతున్నాడు. అన్నీ బాగున్నాయని రిపోర్టు వస్తే అత్త నమ్మలేదు. ఆ డాక్టరమ్మకు ఏమీ తెలియదని తేల్చేసి, త్రిపురాంతకంలో మొక్కు మొక్కించింది. దోర్నాల అవతల నుంచి ఏదో చెట్టు చెక్క తెప్పించి కషాయం కాచింది. తాగిందీ కక్కిందీ నేనే.

లోపం ఎక్కడుందో నాకు తెలుసు. మా ఆయనకు పడకలో అంతా అయినట్టే ఉంటుంది, వీర్యం మాత్రం బయటికి రాదు. డాక్టరమ్మ చెవిన ఆ మాట వేస్తే, ముందు ఆయన్ని తీసుకురమ్మంది. ఇంటికొచ్చి చెబితే ఆ మగధీరుడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఈ సంగతి బయటికి పొక్కితే బతకనని బెదిరించాడు. నోరు మూసుకున్నాను. నేను మూసుకున్నకొద్దీ అత్త నోరు పెద్దదైంది. నన్ను పుట్టింటికి పంపించి కొడుక్కి ఇంకో పిల్లను చూద్దామని చుట్టాలకు కబురు పెట్టింది.

ఆ రోజుల్లోనే మా మందలో గొర్రెలు చూడి కట్టలేదు. ఎవరూ మొక్కులు మొక్కలేదు, ఏ గొర్రెకూ కషాయం తాగించలేదు. మామ నేరుగా పొట్టేలును మోకాళ్ల మధ్య ఇరికించి, బీజాలు నొక్కి చూసి, దీంట్లో సత్తువ లేదన్నాడు. గొర్రెలేం చేస్తాయి పాపం అని అత్త జాలిపడింది. పొట్టేలును సంతకు తోలి, కొత్తదాన్ని తెచ్చారు. నాకు ఒళ్లు మండిపోయింది.

చుట్టాలు వచ్చి కూర్చున్నాక అందరి ముందే అడిగాను.

"అత్తా, గొర్రెలు ఈనకపోతే పొట్టేలును పట్టి చూసినారు. ఇంట్లో నన్నొక్కదాన్నే ఎందుకు చూపించినారు?"

అత్త ముఖం మాడిపోయింది. "ఏంది, నా కొడుకును కూడా మార్చమంటావా?"

"మార్చమనలే. డాక్టరుకు చూపించమంటున్నా."

అంతవరకూ నా కడుపు గురించి తీర్పులు చెప్పిన పెద్దమనుషులకు ఒక్కసారిగా బస్సు టైము గుర్తొచ్చింది. మామ ఒక్కడే తువ్వాలు భుజాన వేసుకుని, కొడుకును లెమ్మన్నాడు.

చిన్న వయసులోనే వచ్చిన షుగరును పట్టించుకోకపోవడంతో నరాలు దెబ్బతిన్నాయని, వీర్యం వెనక్కి మూత్రసంచిలోకి పోతోందని డాక్టరు చెప్పాడు. అంతే సంగతి. దీని కోసం నేను ఇన్నేళ్లు గొడ్రాలినయ్యాను. మందులు వాడించి, మూత్రంలోంచి వీర్యకణాలు వేరుచేసి నా గర్భసంచిలోకి ఎక్కించారు. మొదటిసారి నిలవలేదు. తర్వాత నిలిచింది, కూతురు పుట్టింది.

అది తన మొక్కు ఫలమని అత్త ఊరంతా చెప్పుకుంది. మొన్న పక్కింటి కోడలు ఇంకా నెల తప్పలేదని తెలిసి, ఆ చెక్క ఎక్కడ దొరుకుతుందో వాళ్ల అత్తకు చెబుతూ మా అరుగు మీద కూర్చుంది. చెబుతూ చెబుతూ మామను కేకేసి, ఈ ఏడు గొర్రెలు సరిగ్గా చూడి కట్టలేదు, పొట్టేలును ఒకసారి చూడమంది.