టోపీ తీసిన సూర్యుడు

మా సైన్సు మాస్టారికి పిల్లలు పెట్టిన పేరు గానుగెద్దు. పాఠం చెప్తూ గది చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. బెంచీకి కట్టేస్తే బెంచీతో సహా తిరిగే రకం. ఆయన రెండో అలవాటు టోపీ. ఎండైనా, వానైనా, గ్రూపు ఫొటో అయినా అది తియ్యడు. దాని కింద ఏముందో, అంటే ఏం లేదో, బడి మొత్తానికి తెలుసు. ఎవరికీ తెలియదనుకునేది ఆయనొక్కడే. పక్క గదిలో లెక్కలు చెప్పుకునే నాకు ఆయన పిరియడ్‌లో పిల్లల గురకే వినపడేది.

ఈ ఏడు ఇరవై ట్యాబ్‌లు వచ్చాయి. బల్లమీద సూర్యుడి బొమ్మ ఉన్న అట్టముక్క పెట్టి ట్యాబ్ అటు తిప్పితే చాలు, తెరమీద అట్ట ఉన్నచోట సూర్యుడు మండుతుంటాడు, గ్రహాలు మన బెంచీల మధ్యే తిరుగుతుంటాయి. గురకలు ఆగిపోయాయి. శనిగ్రహం వెళ్లే దారిలో కూర్చోడానికి పిల్లలు కొట్టుకునేవారు.

"టీచర్ గారూ, ఇరవై ఆరేళ్లలో మొదటిసారండీ, నన్ను ఇంకాసేపు చెప్పమన్నారు" అన్నాడు మాస్టారు. కళ్లు చెమర్చాయి. 

అయితే ట్యాబ్‌లు మాకు ఖాయం కాలేదు. తనిఖీకొచ్చే ఆఫీసరమ్మ చూసి, పిల్లలకేమైనా ఎక్కుతోందంటేనే ఉంచుతారు. లేదంటే పక్క బడికి పోతాయి.

ఆవిడ వచ్చిన రోజే అట్ట మాయం. ప్రాక్టీసుకని మాస్టారు ఇంటికి పట్టుకెళ్తే, వాళ్లావిడ అలమర సర్దుతూ ఎక్కడో పెట్టేసిందట. అట్టకి బదులు గుండ్రటిదేదైనా పనికొస్తుందేమోనని మాస్టారు బల్లమీద ఫుట్‌బాల్ పెట్టాడు. స్టీలు పళ్లెం పెట్టాడు. పరుగున వచ్చి నా టిఫిన్ బాక్సు మూత కూడా లాక్కుపోయాడు. ఏం జరుగుతుందో చూద్దామని నేనూ వెనకే వెళ్లాను. సూర్యుడు ఉదయించలేదు. ఆఫీసరమ్మ గడియారం చూసుకుంటోంది. మాస్టారికి ముచ్చెమటలు పట్టాయి. ఆ కంగారులో టోపీ తీసి నెత్తి తుడుచుకున్నాడు.

"వచ్చాడు! సార్ నెత్తిమీద వచ్చాడు!" అని వెనక బెంచీ పిల్ల ట్యాబ్ ఎత్తి అరిచింది.

ఇరవై ట్యాబ్‌లూ అటు తిరిగాయి. ట్యూబ్‌లైటు కింద నున్నగా మెరుస్తున్న బట్టతల మీద సూర్యుడు భగభగ మండుతున్నాడు. చెవి పక్కనుంచి బుధుడు పోతున్నాడు. మాస్టారి చెయ్యి టోపీ మీదికి వెళ్లింది. పిల్లల మొహాలు చూశాడు. టోపీ తీసుకెళ్లి కిటికీలో పెట్టేశాడు.

తిరిగొస్తుంటే గ్రహాలన్నీ చెల్లాచెదురై గోడల్లో దూరాయి.

"సార్, కదలకండి! సూర్యుడు కదిలితే ఎలా? తిరగాల్సింది మనం!" అని క్లాసంతా గోలపెట్టింది. ఇరవై ఆరేళ్లుగా ఎంత మొత్తుకున్నా ఎవరి బుర్రకీ ఎక్కని ముక్క అది.

గానుగెద్దు నలభై నిమిషాలు గుంజలా నిలబడింది. నెత్తిన ఈగ వాలినా తోలలేదు. ఆఫీసరమ్మ తనే ఓ ట్యాబ్ లాక్కుని, భూమి వెంట చిన్నపిల్లలా తిరగడం మొదలుపెట్టింది.

"మాస్టారూ, ఇంకో రెండేళ్లు కదలకండి. రెండు చుట్లు తిరిగి వదిలేస్తా" అంది. వెళ్తూ ట్యాబ్‌లు ఇక్కడే ఉంటాయని రాసిచ్చింది.

సాయంత్రం వాళ్లావిడ అట్ట పట్టుకుని రొప్పుతూ బడికొచ్చింది. "డబ్బాల కింద పరిచేశానండీ, నా మతిమరుపు మండ!"

"ఆ డబ్బాల కిందే ఉండనీవే" అన్నాడు మాస్టారు. "రేపు పొద్దున మాత్రం నా తలకి కాస్త నూనె పట్టించు. వెనక బెంచీలకి సరిగ్గా కనపడాలి."